వంటగది మీద బట్టతల

రూడీ కాంగస్ పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకునే రకం కాదు. కాఫీ కప్పు పట్టుకుని ముందుగది కిటికీ దగ్గర నిలబడి, వీధికి అవతల ఉన్న అక్క ఇంటి కప్పు చూసుకునే రకం. ఎనిమిదేళ్లుగా అతనికి తెలిసిన ప్రార్థన అదొక్కటే.

అక్క పేరు తైమీ. ఆమెది గని కంపెనీ వాళ్లు వందేళ్ల కిందట కట్టించిన కొయ్య ఇల్లు. నిటారు కప్పున్న ఆ ఇంటి పక్కన పొట్టి వంటగది ఒకటి, తర్వాతెప్పుడో గుర్తొచ్చి అతికించినట్టు ఉంటుంది. దాని కిటికీ పెరటి వైపు. కప్పు మాత్రం వీధి వైపుకి వాలి ఉంటుంది. ఊరి పక్కనున్న సముద్రమంత సరస్సు మీంచి లేచే మేఘాలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తమరాక్ వీధి మీద మంచు పోస్తూనే ఉంటాయి. రాత్రికి రాత్రి మోకాలి లోతు పడినా మా వైపు దాన్ని మంచు కింద లెక్కవెయ్యరు. తెల్లారేసరికి అన్ని ఇళ్లూ తెల్లటోపీలు పెట్టుకుని కూర్చుంటాయి. తైమీ వంటగదికి మాత్రం ఆ టోపీ నిలవదు. ఎనిమిదయ్యేసరికి మంచు నడిమధ్యన కుంగుతుంది. తొమ్మిదికల్లా కరిగి, నల్ల పెంకులు బయటపడి, చాపంత బట్టతల కనిపిస్తుంది.

ఆ బట్టతల కనబడితే అక్క లేచిందని, పొయ్యి వెలిగించిందని, ఇవాళ్టికి బాగానే ఉందని అర్థం. అప్పుడు రూడీ మిగిలిన కాఫీ తాగేసి తన పని చూసుకునేవాడు. నాలుగేళ్ల కిందట ఒకసారి తొమ్మిది రోజులు ఆ కప్పు తెల్లగా ఉండిపోయింది. ఆ తొమ్మిది రోజులూ అతనికి తిండి సయించలేదు. తుంటి ఎముకకి ఆపరేషన్ చేయించుకోడానికి తైమీ పొయ్యి ఆర్పి, ఇల్లు మూసి ఆస్పత్రికి వెళ్లిందని తర్వాత తెలిసింది. పదో రోజున నల్ల పెంకులు కనిపించేసరికి, డెబ్బై ఏళ్ల మనిషి కిటికీ దగ్గర నిలబడి ముక్కు తుడుచుకున్నాడు.

వీధి దాటి అడగొచ్చు కదా అంటారా? మా వైపు మనుషుల సంగతి మీకు తెలీదు. మాటకి పన్ను కట్టాలన్నట్టు బతుకుతాం. పైగా ఇద్దరు మాట్లాడుకోవడం మానేస్తే, మధ్యలో దూరి కలపడం మర్యాద కాదని మిగతావాళ్లు తల తిప్పుకుంటారు. ఒకరి ఇంట్లో కలప అయిపోతే చెప్పకుండా బండెడు కలప దించి వెళ్లే జనమే. కానీ "ఏమయ్యా, అక్కతో ఎందుకు మాట్లాడవు?" అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

ఎందుకు మాట్లాడడంటే, ఒక్క కట్ట గాజుదూది వల్ల.

తైమీ భర్త మెల్విన్, రూడీ ఇద్దరూ ముప్ఫై ఏళ్లు ఒకే మంచు తోసే లారీలో పక్కపక్కన కూర్చుని పనిచేశారు. బావా బావమరుదుల కంటే ఎక్కువ, అన్నదమ్ముల కంటే ఎక్కువ. ఎనిమిదేళ్ల కిందట అక్టోబరులో ఇద్దరూ కలిసి, ఇంట్లో వేడి పైకి పోకుండా తైమీ ఇంటి అటక మీద గాజుదూది పరిచారు. అంతకు ముందు అక్కడ ఉన్నది రంపప్పొట్టు, పాత కాగితాలు, చచ్చిన కందిరీగలు. ఆ గులాబీ రంగు దూదిని దుంగల మధ్య సర్దుకుంటూ, ఒళ్లంతా దురద పెట్టుకుంటూ, బూతులు తిట్టుకుంటూ నాలుగు శనివారాలు పనిచేశారు. ఇక వంటగది మీది భాగమొక్కటే మిగిలింది. అది బోర్లా పడుకుని పాకితే తప్ప వెళ్లలేని ఇరుకు. పైగా ఒక కట్ట దూది తక్కువ పడింది.

ఆ మర్నాడు నవంబరు పదిహేను. జింకల వేట మొదలయ్యే రోజు. ఆ రోజు మా ఊళ్లో పెళ్లి పెట్టుకుంటే పెళ్లికొడుకు కూడా రాడు.

"వేట నుంచి వచ్చాక చేద్దాంలే బావా, ఒక్క కట్టేగా" అన్నాడు రూడీ.

మెల్విన్ తుపాకీ భుజానేసుకుని పాట పాడుకుంటూ బండెక్కాడు. రెండు వారాల తర్వాత ఇద్దరూ ఒక బక్క జింకతో, బోలెడు అబద్ధాలతో తిరిగొచ్చారు. వాళ్లకంటే ముందే మంచు వచ్చేసింది. పని వసంతానికి వాయిదా పడింది.

దూది లేని కప్పుతో ఒక చిక్కుంది. లోపలి వేడి పైకి పోయి మంచుని కరిగిస్తుంది. కరిగిన నీళ్లు చూరు దాకా జారి, అక్కడ చలికి మళ్లీ గడ్డకడతాయి. గడ్డ మీద గడ్డ పేరుకుంటుంది. వెనక నిలిచిన నీళ్లు గోడల్లోకి దిగుతాయి. అందుకని జనవరిలో ఒక మధ్యాహ్నం మెల్విన్ నిచ్చెన వేసుకుని, గొడ్డలి వెనకవైపుతో వంటగది చూరు మీది గడ్డ కొట్టబోయాడు. నిచ్చెన జారింది. రూడీ అప్పుడు సరస్సు మీద, చేపలు పట్టే గుడిసెలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

అంత్యక్రియలయ్యాక చర్చి కింది గదిలో అందరూ కాఫీ తాగుతుంటే, తైమీ నేరుగా తమ్ముడి దగ్గరికి వచ్చింది. కళ్లల్లో తడి లేదు.

"ఒక్క కట్ట, రూడీ" అంది. "ఒక్క కట్టే కదా మిగిలింది."

రూడీ కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, టోపీ తీసుకుని బయటికి నడిచాడు. అంతే. మరుసటి సోమవారం కొట్టుకి వెళ్లి ఒక కట్ట గాజుదూది కొన్నాడు. చేతులు కాలాక పట్టుకున్న ఆ ఆకులు కారు షెడ్డులో, చేపల వలల వెనక, ఎనిమిదేళ్లుగా అలాగే ఉన్నాయి. పగలు బట్టతల చూసి అక్క ఉందనుకునేవాడు. చూసిన ప్రతిసారీ ఆ కట్ట గుర్తొచ్చేది. ఊరటా శిక్షా ఒకే చోట దొరికేవి.

ఈ అక్టోబరులో ఒక ఉదయం తెల్ల వ్యాను ఒకటి వచ్చి రూడీ ఇంటి ముందు ఆగింది. గడ్డంతో, మోకాళ్ల దగ్గర చిరిగిన పనిబట్టలతో భారీ మనిషి దిగి తలుపు కొట్టాడు. పేరు బ్రెంట్ అన్నాడు. ఇళ్లకి చలి తగలకుండా పనులు చేసిపెట్టే సంస్థట. గొట్టం ఎదురింటి దాకా సాగాలంటే వ్యాను ఇక్కడే పెట్టాలట.

"పెట్టుకోండి" అన్నాడు రూడీ. "ఏం పని?"

"అటక నింపుతాం. పాత వార్తాపత్రికలు నుగ్గు చేసి, నిప్పంటుకోకుండా మందు కలిపిన పొట్టు. గొట్టంతో ఊదేస్తాం. ఇంతెత్తు." బ్రెంట్ మోకాలి పైకి చెయ్యి పెట్టి చూపించాడు. "ముందు సందులన్నీ నురగతో మూస్తాం లెండి. లేకపోతే చొక్కా లేకుండా కోటు వేసుకున్నట్టే."

"మంచిది."

"మీరు రోజూ చూస్తూనే ఉంటారుగా, ఆ వంటగది మీద బట్టతల? ఇన్నేళ్లూ పాపం పెద్దావిడ వంటగదితో పాటు ఆకాశాన్ని కూడా వెచ్చబెట్టింది. మిగతా అటకంతా శుభ్రంగా పరిచారు, అదొక్కటే వదిలేశారు. ఆ సగం పని మహానుభావుడెవరో గానీ కనపడితే నాలుగు తగిలించాలనుంది!"

రూడీ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"మూడేళ్ల కిందటే చూసి రాసిచ్చాం" అన్నాడు బ్రెంట్, గొట్టం చుట్టలు విప్పుతూ. "అప్పుడు ఒప్పుకోలేదు. మిగతాదంతా చేసుకోండి, వంటగది మీద మాత్రం ముట్టుకోవద్దంది. ముసలాళ్లతో ఇదే గొడవ. మీరేమీ అనుకోకండి."

"అనుకోను" అన్నాడు రూడీ.

రోజంతా యంత్రం హోరెత్తింది. లావుపాటి గొట్టం వీధికి అడ్డంగా పడుకుని వణుకుతూ ఉంది. రూడీ కిటికీ వదల్లేదు. తన చేతులతో చేయాల్సిన పనిని ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లు చేస్తున్నారు. అక్కకి మంచి జరుగుతోందని తెలుసు. అయినా ఓర్చుకోలేకపోయాడు. సాయంత్రం వ్యాను వెళ్లిపోయాక షెడ్డులోకి వెళ్లి, వలలు తొలగించి, ఆ గులాబీ రంగు కట్ట ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది. దాని ప్లాస్టిక్ సంచి వెలిసిపోయింది. ఇక అది ఎందుకూ పనికిరాదు.

నవంబరు మూడో వారంలో మొదటి పెద్ద మంచు పడింది. రూడీ కాఫీ పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిదైంది. తొమ్మిదైంది. కాఫీ చల్లారింది. తైమీ వంటగది మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లటి దుప్పటి, ముడత కూడా లేకుండా.

ఎందుకో అతనికి బాగా తెలుసు. పని బాగా కుదిరింది, అంతే. అయినా, ఎనిమిదేళ్లుగా ఆ చెట్టంత మనిషి పట్టుకు వేలాడిన దారం అదొక్కటే. అది కాస్తా పుటుక్కున తెగిపోయింది.

తర్వాత రోజుల్లో వేరే ఆనవాళ్లు వెతికాడు. గ్యాసు పొగగొట్టం పెరటి వైపు. వీధి వైపు కిటికీలకి ఆమె చలికాలమంతా మందపాటి తెరలు వేసే ఉంచుతుంది. వాకిట్లో మంచు తియ్యడానికి యంత్రం వేసుకుని ఒకడొస్తాడు, వాడు అడుగుజాడలు కూడా మిగల్చడు. పెరట్లో ఆవిరి స్నానం చేసే గది ఉంది గానీ మెల్విన్ పోయాక ఆమె ఒక్కతీ దాన్ని వెలిగించనే లేదు. శనివారం సాయంత్రం ఆవిరి స్నానాల వేళ ఆ వీధిలో ప్రతి పెరట్లోంచీ పొగ లేస్తుంది, ఆ ఒక్క పెరట్లోంచి తప్ప.

డిసెంబరులో ఒక రోజు టపా ఇచ్చే వెర్నా వస్తే, రూడీ అవసరం లేకపోయినా తలుపు తీసి నిలబడ్డాడు.

"ఎదురింట్లో కూడా ఇచ్చేశావా?"

"ఇచ్చాను."

"తలుపు తీసిందా?"

వెర్నా అతన్ని కింది నుంచి పై దాకా చూసింది. ఇరవై ఏళ్లుగా ఆ వీధికి ఉత్తరాలు మోస్తున్న మనిషి. "రూడీ మామా, ఈ వీధి వెడల్పు నలభై అడుగులు. నా మోకాళ్లు అరిగిపోయినా నేను రోజూ దాటుతున్నాను. నీ మోకాళ్లు కొత్తవేగా, డాక్టరు పెట్టినవి?" అని బిల్లులు చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

జనవరి రెండో వారంలో తుపాను వచ్చింది. మూడు రోజులు గాలి ఆగలేదు, మంచు ఆగలేదు. ఎదురిల్లు ఉందో లేదో కూడా కనిపించలేదు. నాలుగో రోజు, శనివారం, తెల్లారేసరికి గాలి పడిపోయింది, ఆకాశం నీలంగా తేరుకుంది. వీధిలో మంచు తోసే లారీ వచ్చి వెళ్లింది. తైమీ వాకిట్లో మాత్రం నడుం లోతు మంచు అలాగే ఉంది. యంత్రం వాడు రాలేదు. అడుగుజాడ లేదు. కప్పు తెల్లగా, మూగగా ఉంది.

తొమ్మిదైంది. పదైంది. రూడీ కాఫీ కప్పు కిటికీ అంచు మీద పెట్టాడు. తైమీకి డెబ్బై తొమ్మిది. మూడు రోజుల కిందటే పడిపోయి ఉంటే? వంటగది నేల మీద, ఆ తుంటితో, లేవలేక? తన పేరు పెట్టి పిలిచి ఉంటే? మెల్విన్ పడిపోయినప్పుడు చేపల గుడిసెలో ఉన్నాడు. ఇప్పుడు నలభై అడుగుల దూరంలో ఉండి కూడా గుడిసెలో ఉన్నట్టే ఉన్నాడు. ఈ మాట తోచగానే కోటు అందుకున్నాడు. కోటు బొత్తాలు పెట్టుకోకుండానే, మంచు తోసే పెద్ద రేకు తొట్టి పట్టుకుని బయటపడ్డాడు.

వీధి దాటడానికి అర నిమిషం పట్టింది. ఆమె వాకిలి దాటడానికి అరగంట పట్టింది. తోశాడు, మునిగాడు, లేచాడు, తిట్టాడు. కొత్త మోకాళ్లు పాతవాటి కంటే గట్టిగా అరిచాయి. పెరటి తలుపు దగ్గరికి చేరేసరికి గడ్డం గడ్డకట్టింది.

తలుపు కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. పిడికిలితో బాదాడు. "తైమీ!" అని అరిచాడు. ఆ పేరు ఎనిమిదేళ్ల తర్వాత నోట్లోంచి వచ్చేసరికి బొంగురుపోయింది. లోపలి నుంచి జవాబు రాలేదు. మా ఊళ్లో ఎవరూ తలుపులకి తాళం వెయ్యరు. పిడి తిప్పి, తోసి, లోపలికి అడుగుపెట్టాడు.

వేడి గుప్పున మొహానికి కొట్టింది. కళ్లద్దాలు ఒక్కసారిగా తెల్లబడిపోయాయి. ఏమీ కనిపించలేదు. ఏలకుల రొట్టె వాసన, ఎక్కడో రేడియో పాట మాత్రం తెలిశాయి. వంటగది నడుమ గుడ్డివాడిలా, చేతులు చాపుకుని నిలబడిపోయాడు.

"తలుపెయ్యి" అంది ఎవరో. "వేడి పోతోంది."

రూడీ వెనక్కి తడుముకుని తలుపేశాడు. కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకోబోయాడు. చలికి మొద్దుబారిన వేళ్లలోంచి జారి అవి కింద పడ్డాయి. ఎవరో వంగి తీసి, నడుముకి కట్టుకున్న వంటగుడ్డకి తుడిచి, అతని చేతిలో పెట్టారు.

తైమీ పొట్టి చేతుల చొక్కా వేసుకుని ఉంది. జనవరిలో, వంటగదిలో, పొట్టి చేతులు! పూర్వం ఆ గదిలో కోటు వేసుకుని కూరలు తరిగేది. జుట్టు మొత్తం తెల్లబడింది. మనిషి కుంచించుకుపోయింది. కళ్లు మాత్రం అవే.

"ఎవరు పోయారు?" అంది.

"నువ్వే పోయావనుకున్నా" అన్నాడు రూడీ. "అంత బాదితే పలకవేం?"

"వినపడలేదురా. ఆ పొట్టు ఊదిన దగ్గర్నుంచి గాలి మోత కూడా వినపడ్డం లేదు. లారీ వెళ్లినా తెలీడం లేదు. పైగా రేడియో పెట్టుకున్నా." ఆమె రేడియో కట్టేసింది. "కూర్చో. బూట్లు విప్పు ముందు. నేలంతా చెరువు చేశావు."

కూర్చున్నాడు. బూట్ల తాళ్లు గడ్డకట్టి ఊడిరాలేదు. అతను వాటితో కుస్తీ పడుతుంటే ఆమె కాఫీ పోసింది, రొట్టె కోసింది. కాసేపు ఇద్దరూ రొట్టె మీదే దృష్టి పెట్టారు.

"ఇంటి కప్పు తెల్లగా ఉంది" అన్నాడు చివరికి.

"ఉంటుంది. పని బాగా చేశారు."

"ఇదివరకు కరిగేది. చూసేవాణ్ణి, పొద్దున్నే."

"తెలుసు."

రూడీ తలెత్తాడు.

"నాకు తెలీదనుకున్నావా? ఎనిమిదేళ్లు ఆ కిటికీలో నీ బుర్ర గుమ్మడికాయలా కనపడుతూనే ఉంది. తెర సందులోంచి నేనూ చూసేదాన్ని. మూడేళ్ల కిందట వాళ్లొచ్చి వంటగది మీద కూడా కప్పేస్తామంటే వద్దన్నాను. అది కప్పేస్తే వీడికి నా సంగతి ఎలా తెలుస్తుంది అని."

"మరి ఇప్పుడెందుకు ఒప్పుకున్నావు?"

"ఎనభై వస్తున్నాయి నాకు. నీకు కబురు పంపడానికి ఇంకా ఎన్నాళ్లురా ఆకాశాన్ని వెచ్చబెడుతూ కూర్చోను?" ఆమె గొంతు ఒక్కసారిగా పెరిగింది. "కప్పు చూసి సరిపెట్టుకుంటున్నావు. చూపు ఆపేస్తేనైనా కాళ్లు కదులుతాయేమో అనుకున్నా. నవంబరు నుంచి చూస్తున్నా! రెండు నెలలు పట్టింది నీకు, మొద్దు వెధవా!"

ఆ తిట్టుకి రూడీ గుండె కరిగిపోయింది. చిన్నప్పుడు తను చేసిన ప్రతి వెధవ పనికీ అక్క పెట్టిన పేరు అది. అతని కళ్లు నిండాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఆ కట్ట తప్పు నాదే అక్కా. వేట తర్వాత చేద్దామంది నేనే. ఆ కట్ట పరిచి ఉంటే గడ్డ కట్టేది కాదు. బావ నిచ్చెన ఎక్కేవాడు కాదు. ఇన్నేళ్లూ అదే. వేరే ఆలోచన లేదు నాకు."

తైమీ తన చేతులు బల్ల మీద పెట్టుకుని వాటినే చూసుకుంది.

"ఆ రోజు మెల్విన్ నన్ను పిలిచాడు" అంది. "ఆ తలుపు దగ్గర నిలబడి, తైమీ, వచ్చి నిచ్చెన పట్టుకో అన్నాడు. నా చేతులు పిండిలో ఉన్నాయి. ఇదే రొట్టె. కాసేపు ఆగవయ్యా, చేతులు కడుక్కుని వస్తానన్నాను. ఆగే మనిషా! నేను చేతులు కడుక్కుంటుంటే చప్పుడైంది."

రూడీ చేతిలోని రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాడు.

"ఎవరికీ చెప్పలేదు. చర్చిలో నిన్ను చూడగానే, నా మీద ఉన్నదంతా తీసి నీ మీద పడేశాను. ఒక్క కట్ట అని. నువ్వు తిరిగి నన్ను నాలుగు తిడతావనుకున్నా. తిట్టి ఉంటే చెప్పేసేదాన్ని. కాఫీ కప్పు పెట్టేసి వెళ్లిపోయావు." ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. "వేటకి మెల్విన్ మెడకి తాడు కట్టి లాక్కెళ్లావా? పాట పాడుకుంటూ వెళ్లాడు. నేనే తిండి మూట కట్టి ఇచ్చాను."

రూడీ లేచి, బూట్ల తాళ్లు మళ్లీ బిగించుకున్నాడు.

"ఎక్కడికి?" అంది తైమీ, గాభరాగా.

"వస్తా. తలుపెయ్యక్కర్లేదు. అంటే, వెయ్యి. వేడి పోతుంది. వస్తా."

పావుగంటలో వచ్చాడు. రేకు తొట్టి నిండా వెలిసిన గులాబీ రంగు మూట ఒకటి. చేపల వల ముక్క ఇంకా దానికి తగులుకునే ఉంది. తైమీ గుమ్మంలో నిలబడి చూసింది. అదేమిటో అర్థమవడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియాలి.

"ఎప్పుడు కొన్నావురా?"

"ఆ సోమవారం."

"ఇప్పుడెక్కడ పెట్టమంటావు దీన్ని? పైన మోకాలెత్తు పొట్టు ఉంది."

"తెలీదు. నీదే గదా, తెచ్చా. పారేస్తే నువ్వే పారెయ్యి."

తైమీ మూటని చేత్తో తట్టి చూసింది, బజార్లో గుమ్మడికాయ చూసినట్టు. పెరట్లోకి చూసింది. "ఆవిరి గదికి ముందు బట్టలు మార్చుకునే గది ఉందే, దాని కప్పు ఉత్త చెక్క. మెల్విన్ ఎప్పుడూ వణుకుతూ తిట్టేవాడు. దానికి సరిపోతుందా?"

రూడీ కళ్లతోనే కొలిచాడు. "సరిపోతుంది. రేపొచ్చి..."

"రేపా?" తైమీ నడుం మీద చేతులు పెట్టుకుంది. "రేపు ఏ జంతువు వేటరా? ఇవాళ శనివారం. పొయ్యి వెలిగిస్తాను. పద."

పెరట్లో దారి చెయ్యడానికి ఇద్దరికీ మధ్యాహ్నమైంది. రూడీ మంచు తోశాడు, తైమీ వెనక నుంచి తప్పులు చెప్పింది. ఎనిమిదేళ్ల బూడిద తీసి, భోజపత్ర చెట్టు బెరడు అంటించి, పొయ్యి వెలిగించారు. చిన్న గది మెల్లగా వెచ్చబడింది. కట్ట విప్పితే నొక్కిపెట్టిన దూది ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బింది. మొదటి ముక్క కొయ్యగానే రూడీకి మెడ మీద దురద మొదలైంది. మెల్విన్ తిట్టే తిట్టొకటి నోటి దాకా వచ్చింది, పైకే తిట్టేశాడు. తైమీ పకపకా నవ్వింది.

మూల నుంచి నిచ్చెన తీసి నిలబెట్టాడు. నాలుగు మెట్ల చెక్క నిచ్చెన, అంతే. కానీ దాన్ని చూడగానే తైమీ నవ్వు ఆగిపోయింది. రూడీ ముక్క చంకలో పెట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టి, ఆమె వైపు చూశాడు.

తైమీ చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకుంది. దగ్గరికి వచ్చి, రెండు చేతులతో నిచ్చెన కాళ్లు పట్టుకుంది.

"ఎక్కు" అంది. "పట్టుకున్నా."

దుంగల మధ్య నాలుగు వరసలు. ఒక్కో ముక్కా పైకి నొక్కి, అంచులు సర్ది, మేకులు కొట్టాడు. దూది నలుసులు రాలి ఆమె తెల్లజుట్టు మీద పడుతున్నాయి. ఆమె దులుపుకోలేదు. నిచ్చెన జరపాల్సి వచ్చినప్పుడల్లా అతను దిగాక జరిపి, మళ్లీ పట్టుకుంది. పిండి పిసికి పిసికి కణుపులు లావెక్కిన వేళ్లు తెల్లగా పాలిపోయాయి.

ఆఖరి మేకు కొట్టి రూడీ సుత్తి జేబులో పెట్టుకున్నాడు.

"అయిపోయిందక్కా. ఇక వదిలెయ్యి."

ఆమె వదల్లేదు. అతను ఒక్కో మెట్టే దిగాడు. రెండు కాళ్లూ నేల మీద ఆనాక, తైమీ ఆ కాళ్ల వైపు ఒకసారి చూసి, అప్పుడు చేతులు తీసింది.